బీఏ ఎకనామిక్స్ తర్వాత బీఎడ్ తప్ప దారి లేదా?

డిగ్రీ ఫైనలియర్, కరీంనగర్

అందరికీ నమస్తే. నాది బీఏ హెచ్‌ఈపీ (హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్). ఇంటర్‌లో సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్), అంటే పదో తరగతితోనే లెక్కలకు దణ్ణం పెట్టేశాను. ఎకనామిక్స్ మాత్రం ఇష్టంగా చదివాను, డిగ్రీలో మొత్తమ్మీద 65 శాతం దాకా మార్కులున్నాయి. ఇంట్లో బీఎడ్ చెయ్యమంటున్నారు. బాబాయేమో బ్యాంకు కోచింగ్‌లో చేరమంటున్నాడు. నాకు ఎంఏ చెయ్యాలని ఉంది. చేస్తే ఉద్యోగం వస్తుందా? టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

సర్వే డేటా ఉద్యోగి, హైదరాబాద్

చెల్లీ, ఎకనామిక్స్ వాళ్లకు దారులు చీలేది డిగ్రీ దగ్గర కాదు, లెక్కల దగ్గర. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ పీజీ ఉంది. దాని ఎంట్రన్స్‌లో ఒక పేపరు మొత్తం లెక్కలే. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే సీజీఎల్‌లో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టుకి ఇంటర్ లెక్కల్లో 60 శాతమో, డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగానో ఉండాలి. నీకు రెండూ లేవు కాబట్టి అది వదిలెయ్. సీజీఎల్‌లో ఏ డిగ్రీ అయినా సరిపోయే పోస్టులు చాలానే ఉన్నాయి.

ఎంఏకి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఉస్మానియా, కాకతీయ, శాతవాహన యూనివర్సిటీలకు సీపీగెట్ ఎంట్రన్స్ రాయి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ ఎంట్రన్స్ రాయి. కాకపోతే ఎంఏలో స్టాటిస్టిక్స్, ఎకనోమెట్రిక్స్ (ఆర్థిక డేటాకు స్టాటిస్టిక్స్ వాడే సబ్జెక్టు) తప్పవు. ఈ సెలవుల్లో తెలుగు అకాడమీ ఇంటర్ ఫస్టియర్ లెక్కల పుస్తకాలు తెచ్చుకుని, 1ఏలో మాత్రికలు (మ్యాట్రిసెస్), 1బీలో అవకలనం (డిఫరెన్షియేషన్) చెయ్యి. త్రికోణమితి జోలికి పోనక్కర్లేదు.

ఇంకో పని ఇంట్లో కూర్చునే మొదలుపెట్టొచ్చు. కేంద్ర గణాంక శాఖ చేసే పీఎల్‌ఎఫ్‌ఎస్, అంటే ఉపాధి సర్వే, దాని అసలు డేటా వాళ్ల సైట్‌లో రిజిస్టర్ చేసుకుంటే ఉచితంగా దొరుకుతుంది. తెరిస్తే అన్నీ అంకెలే. ఏ అంకె దేనికో చెప్పే లేఅవుట్ ఫైలు పక్కనే ఉంటుంది, అది చూసుకుంటూ విప్పుకోవాలి. ఒక మనిషి చేసే పని కాలమ్‌లో 31 ఉంటే నెల జీతం, 51 ఉంటే కూలి, 92 ఉంటే ఇంటిపని. ఇలాంటి డేటా లెక్కలు చేసే ఆర్ (R) సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్లలో ఎంతమంది 92లో ఉన్నారు, ఎంతమంది 51లో ఉన్నారు అని ఒక పట్టిక వేసి, దాని మీద రెండు పేజీలు రాసుకో. రీసెర్చ్ సంస్థల్లో, ఎన్జీవోల్లో ఇంటర్వ్యూకి పోయినప్పుడు అదే చూపించు. ఇలాంటి ఉద్యోగాలకు మనుషుల్ని ఎంచేటప్పుడు నేను సర్టిఫికెట్ కోర్సుల కంటే ముందు చూసేది ఇదే. మొదట్లో జీతం పెద్దగా ఉండదు, ఆ మాట దాచను.

బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

బాబాయి గారి మాట కొట్టిపారెయ్యకండి, కానీ బ్యాంకు ఆఫీసర్ల పరీక్ష ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్‌లో ఎకనామిక్స్ వల్ల ఒరిగేదేమీ లేదు. అక్కడంతా రీజనింగ్, క్వాంట్ (లెక్కలు), ఇంగ్లీషే. మీ సబ్జెక్టు పనికొచ్చేది ఆర్‌బీఐ గ్రేడ్ బీ, నాబార్డ్ (గ్రామీణాభివృద్ధి బ్యాంకు) గ్రేడ్ ఏ ఆఫీసర్ పరీక్షల్లో. రెండింటిలోనూ రెండో దశలో ఆర్థిక, సామాజిక అంశాల మీద ప్రశ్నలుంటాయి. గ్రేడ్ బీ జనరల్‌కి ఓపెన్ కేటగిరీలో డిగ్రీలో 60 శాతం అడుగుతారు, అది మీకుంది. తెలంగాణ గ్రూప్ 2లో కూడా ఎకానమీకి విడిగా 150 మార్కుల పేపరుంది.

డిగ్రీ ఫైనలియర్, కరీంనగర్

చాలా థాంక్స్ అన్నా, థాంక్స్ అండీ. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ అని ఒకటి విన్నాను. డిగ్రీతో రాయొచ్చా?

ఎకనామిక్స్ లెక్చరర్, వరంగల్

కుదరదమ్మా. యూపీఎస్సీ పెట్టే ఆ పరీక్షకి ఎకనామిక్స్‌లో పీజీ ఉండాలి, వయసు 21 నుంచి 30 లోపు. రాతపరీక్ష 1000 మార్కులు, అందులో 800 ఎకనామిక్సే. పోస్టులు మాత్రం చాలా తక్కువ, దాని ఒక్కదాన్నే నమ్ముకుని ఏళ్లకేళ్లు కూర్చోవద్దు.

బీఎడ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. ఒక్క బీఏ మీద బీఎడ్ చేస్తే స్కూల్లో సోషల్ టీచరు అవుతావు, డీఎస్సీ ఎప్పుడు వేస్తారా అని ఎదురుచూడాలి. అదే ఎంఏ, బీఎడ్ రెండూ ఉంటే కేంద్రీయ విద్యాలయాల్లో, నవోదయల్లో ఎకనామిక్స్ పీజీటీకి, అంటే ప్లస్ టూ టీచరు పోస్టుకి, అర్హత వస్తుంది. ఎంఏలో 55 శాతం తెచ్చుకుంటే లెక్చరర్ అర్హత పరీక్షలు నెట్, సెట్ రాసి డిగ్రీ కాలేజీ వైపు రావచ్చు. నన్నడిగితే ముందు ఎంఏ. బీఎడ్ ఆ తర్వాతైనా చెయ్యొచ్చు. ఇంట్లోవాళ్లకు కూడా "బీఎడ్ మానెయ్యట్లేదు, రెండేళ్లాగి చేస్తాను" అని చెప్పు, గొడవ ఉండదు.

డిగ్రీ ఫైనలియర్, కరీంనగర్

అలాగే చెప్తాను సార్. సీపీగెట్‌కి ఎకనామిక్స్ పాత పేపర్లు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టగలరా?

ఎకనామిక్స్ లెక్చరర్, వరంగల్

మా పిల్లల దగ్గర ఉన్నాయి, ఆదివారం స్కాన్ చేయించి పెడతాను. ఈలోగా మీ డిగ్రీ మైక్రో, మాక్రో పుస్తకాలు అమ్మెయ్యకు. ప్రశ్నలు ఎక్కువగా వాటిలోంచే వస్తాయి.