బెర్లిన్‌లో పరిశోధన: గ్రీన్ కార్డు మీద వచ్చినవారు ఎవరైనా మాట్లాడతారా?

శ్రావణి: నమస్కారం. అక్టోబరులో బెర్లిన్‌లో పీహెచ్‌డీలో చేరుతున్నాను. 2000 ప్రాంతంలో జర్మనీలో వలసల మీద, 'జర్మన్ అంటే ఎవరు' అన్న ప్రశ్న మీద సాగిన రాజకీయ చర్చ నా అంశం. అప్పట్లో విదేశీ కంప్యూటర్ నిపుణుల కోసం జర్మనీ పెట్టిన గ్రీన్ కార్డు పథకంలో వచ్చిన మనవాళ్లతో మాట్లాడాలని ఉంది.

సుబ్బారావు, బెర్లిన్: చర్చల సంగతి తరువాత చూసుకోవచ్చమ్మా, ముందు ఇల్లు. ఇంట్లో చేరిన 2 వారాల్లో చిరునామా నమోదు చేయించాలి. దానికి ఇల్లు ఇచ్చినవారి సంతకంతో ధ్రువపత్రం కావాలి. నాకు గది ఇచ్చినాయన తనూ అద్దెకున్నవాడే. కాగితం అడిగితే 'వచ్చే వారం' అన్నాడు, ఆ తరువాత ఫోను ఎత్తడం మానేశాడు. నమోదు లేక పన్ను నంబరు రాలేదు. నంబరు లేదని మొదటి జీతంలో గరిష్ఠ పన్ను కోశారు. పెట్టె సర్దుకుని స్నేహితుడి ఇంటికి మారితే గాని కాగితం చేతికి రాలేదు. డిపాజిట్ ఆయన దగ్గరే ఉండిపోయింది. ధ్రువపత్రం ఇస్తానని రాసివ్వనిదే పైసా కట్టకు.

వెంకట్, డ్యూసెల్డార్ఫ్: నేను 2001లో ఆ కార్డు మీదే వచ్చాను, మాట్లాడతాను. 2000లో అప్పటి ఛాన్సలర్ ష్రోడర్ 20,000 మంది కంప్యూటర్ నిపుణులను పిలుస్తామన్నారు, అదీ గరిష్ఠంగా 5 ఏళ్లకే. వెంటనే ఆ ఏడాది మా రాష్ట్ర ఎన్నికల్లో ప్రతిపక్ష సీడీయూ పార్టీ నాయకుడు రూట్‌గెర్స్ 'భారతీయుల బదులు మన పిల్లలు' అన్న ప్రచారం ఎత్తుకున్నారు. ఇదీ నీ పరిశోధనకు అసలు సరుకు.

పద్మజ, ఫ్రాంక్‌ఫర్ట్: వెంకట్ గారూ, ఆ ఎన్నికల్లో రూట్‌గెర్స్ ఓడిపోయారు, అది మాత్రం చెప్పరు! అసలు సరుకు 1999లో మా హెస్సె రాష్ట్రంలో ఉంది. ద్వంద్వ పౌరసత్వానికి వ్యతిరేకంగా సీడీయూ నాయకుడు కోఖ్ సంతకాలు సేకరించి ఎన్నిక గెలిచారు. గురి మన మీద కాదు, ముఖ్యంగా తుర్కుల మీద. 1913 నాటి చట్టం ప్రకారం ఇక్కడ పుట్టినంత మాత్రాన జర్మన్లు అయ్యేవారు కాదు. 2000లో ఇక్కడ పుట్టిన విదేశీయుల పిల్లలకూ పౌరసత్వం దక్కేలా సవరించారు గాని, వారిలో చాలామంది పెద్దయ్యాక ఏదో ఒక పౌరసత్వం ఎంచుకోవాలన్న మెలిక పెట్టారు. మన వాళ్లేమో ఆ కాలపు చర్చంతా మన సాఫ్ట్‌వేర్ వీసాల గురించే అనుకుంటారు.

వెంకట్: ఓడినా మాట జనంలో ఉండిపోయింది కదండీ. అదే 2000 అక్టోబరులో సీడీయూ నాయకుడు మెర్జ్ 'లైట్‌కుల్టుర్' (అందరూ అనుసరించాల్సిన మార్గదర్శక సంస్కృతి) అన్న మాట ఎత్తారు. ఇప్పుడాయనే ఛాన్సలర్!

పద్మజ: ఆ భావన మొదట ముందుకు తెచ్చింది సిరియాలో పుట్టిన ఆచార్యుడు బస్సామ్ తీబీ. ఆయన అడిగింది యూరప్ ఉమ్మడి విలువల గురించి. మెర్జ్ దాన్ని జర్మన్ల సొత్తు చేశారు. శ్రావణీ, ఆ మలుపు పట్టుకో. పార్లమెంటు చర్చల ప్రతులన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి. ఐటీ వాళ్లను మాత్రమే అడిగితే కథ సగమే వస్తుంది, బెర్లిన్‌లో తుర్కులు ఎక్కువగా ఉండే క్రాయిజ్‌బెర్గ్ పేటలో తుర్కు కుటుంబాలనూ కలువు.

సుబ్బారావు: పౌరసత్వానికి 2024 నుంచి 5 ఏళ్లు చాలు. ఇంకా త్వరగా, 3 ఏళ్లకే ఇచ్చే దారి 2025లో తీసేశారు. జర్మనీ రెండు పౌరసత్వాలూ ఉంచుకోనిస్తుంది గాని మన దేశం ఒప్పుకోదు, విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకోవాల్సిందే.

వెంకట్: ఆమె అడిగింది ఇది కాదు కదా సుబ్బారావు గారూ! అమ్మా, ఆదివారం మధ్యాహ్నం నాకు వీలవుతుంది.

సుబ్బారావు: సరే, గది దొరికిందో లేదో చెప్పమను.