వేరుశనగ ఆకుముడత, వరి ఆకుముడత: రెండూ ఒకటేనా?

ప్రశ్న: వేరుశనగ, సోయాచిక్కుడు ఆకుల్ని తొలిచే చిన్న రెక్కల పురుగు (ఇంగ్లీషులో ‘మాత్’) మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. మూలంలో ‘లీఫ్ మైనర్’ (ఆకు తొలిచేది) అని ఉంది. మన వ్యవసాయ పుస్తకాల్లో వేరుశనగ దగ్గర ‘ఆకుముడత పురుగు’ అంటున్నారు. టమాటా దగ్గర ‘ఆకుతొలుచు పురుగు’, కొన్నిచోట్ల ‘పాము పొడ’. వరి దగ్గర మళ్లీ ‘ఆకుముడత’! ఏది వాడమంటారు?

జవాబు: ముందు అదే పురుగో తేల్చుకోండి, పేరు తర్వాత చూద్దాం. అప్రోయెరెమా మోడిసెల్లా (వేరుశనగ లీఫ్ మైనర్ శాస్త్రీయ నామం) అయితే ‘ఆకుముడత’ తప్పేం కాదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు ఆకు రెండు పొరల మధ్య దూరి పచ్చదనం తింటుంది. కొద్ది రోజులకు ఆ సందు చాలక బయటికొచ్చి, ఆకుల్ని దారాలతో కలిపి కుట్టి, ఆ ముడతలోనే తింటూ అక్కడే ప్యూపా అవుతుంది. రైతు కంటపడేది ఆ ముడతే కాబట్టి పేరు దాన్నిబట్టి వచ్చింది. ఇంగ్లీషు వాళ్లు మొదటి దశ చూసి పెట్టారు, మనవాళ్లు రెండోది చూసి పెట్టారు, అంతే.

వరిలోది వేరే పురుగు. అది పొరల మధ్యకు దూరదు, ఆకు మడిచి లోపల గీకుతుంది. అందుకే పంట పేరు ముందు తగిలించక తప్పదు.

అసలు చిక్కు ‘పాము పొడ’తో. అది ఈగ పని, చిక్కుడు, అలసందల మీదా వస్తుంది. వంకర టింకర గీత, అందులో నల్లటి మలం చార కనిపిస్తే ఈగనే అనుమానించండి. గీత చీల్చి చూడండి: ముదురు రంగు తల స్పష్టంగా ఉంటే రెక్కల పురుగు పిల్ల, తలా కాళ్లూ లేని పసుపు పురుగైతే ఈగ పిల్ల.

మరొకరు: పాత వ్యాసాల్లో ఇదే పురుగు స్టోమోప్టెరిక్స్ సబ్‌సెసివెల్లా పేరుతో ఉంటుంది, రెండు పురుగులనుకోకండి. ఫొటో చూసి జాతి ఖాయం చేయడమూ వద్దు. ఇది చేరిన గెలెకిడే కుటుంబంలో చిన్నవి చాలావరకు ఒకేలా ఉంటాయి, జననాంగాలు మైక్రోస్కోపు కింద చూస్తేగానీ తేలదు.

ప్రశ్న అడిగినవారు: మరి ‘చిమ్మట’ అనొచ్చా?

జవాబు: నేనైతే అనను. ఆ మాట వింటే కొందరికి బట్టలు కొరికేది, ఇంకొందరికి రాత్రి అరిచేది గుర్తొస్తుంది. పంటల వాళ్ల మాటలు ‘తల్లి పురుగు’, ‘పిల్ల పురుగు’ ఉన్నాయిగా, అవి పెట్టేయండి.