ఇంట్లో కట్టిన 4×5 అంగుళాల ఫిల్ము చెక్క కెమెరా: గాజు మీద షార్ప్, ఫిల్ము మీద మసక. ఎవరైనా చెప్పండి

కృష్ణలంక కుర్రోడు:
అందరికీ నమస్తే. విసుగెత్తి రాస్తున్నాను. టేకుతో మడిచే ఫీల్డ్ కెమెరా సొంతంగా కట్టాను. బెల్లోస్ (లెన్స్‌కీ వెనక భాగానికీ మధ్య ఉండే మడతల సంచీ) కూడా నేనే మడిచాను. చీకటి గదిలో లోపల టార్చి వేసి చూశాను, ఎక్కడా వెలుతురు కారడం లేదు. కానీ ఫోకస్ మాత్రం దక్కడం లేదు. నాన్నని అయిదడుగుల దూరంలో కుర్చీలో కూర్చోబెట్టి, భూతద్దం పెట్టి, కళ్ళ మీద ఫోకస్ చేస్తాను. ఫోకస్ చూసుకునే వెనక గరుకు గాజు మీద కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తాయి. ఫిల్ము కడిగి చూస్తే కళ్ళు మసక, చెవులూ కుర్చీ వెనకపట్టీ మాత్రం బ్రహ్మాండంగా ఉంటున్నాయి. దూరంగా కొండ తీస్తే ఎఫ్ 22లో (లెన్స్ రంధ్రం చిన్నది) బాగానే వస్తోంది, ఎఫ్ 5.6లో (రంధ్రం పెద్దది) మొత్తం మసక. నిన్న సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా విప్పడం, బిగించడం ఇదే పని. ఫిల్ము నిలిచే చోటే గాజు కూడా ఉండాలి కదా, అందుకని సరిగ్గా 4.8 మి.మీ. లోతులో పెట్టాను. ఇంకేం చెయ్యాలి?

నల్లగుడ్డ:
లెన్స్ ఫోకల్ లెంగ్త్ ఎంత? గాజు గరుకు వైపు ఎటుంది? ఫ్రెనెల్ (గాజు మీద బొమ్మని వెలుతురుగా చూపే పలక) ఉందా?

కృష్ణలంక కుర్రోడు:
150 మి.మీ. గరుకు లెన్స్ వైపే. ఫ్రెనెల్ లేదు.

చిత్రిక:
బాబూ, ముందు చెక్క సంగతి చెప్పు. ఏ టేకు? డిపోలో కొన్నదా, పాత ద్వారబంధం విప్పి తీసిందా? కొత్త చెక్క ఎంత ఎండిందన్నా నమ్మకూడదు. చెక్క పొడవు వెంట దాదాపు కదలదు, అడ్డంగానే ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. మీ బెజవాడ వానాకాలంలో ఆ కదలిక ఇంకా ఎక్కువ. అందుకే వెనక ఫ్రేముకి నిలువుకోత (వలయాలు పలక ముఖానికి నిలువుగా ఉండేలా కోసిన, తక్కువ కదిలే) పలకలే వాడాలి. పాత ఇళ్ళు కూలగొట్టేచోట దొరికే దూలాలు ఏళ్ళ తరబడి ఎండి ఉంటాయి, నా పనికి అవే తెచ్చుకుంటాను. ఇంకో మాట, టేకులో సహజంగా నూనె ఉంటుంది. అతికే ముందు అసిటోన్‌తో తుడవకపోతే జిగురు పట్టదు, మూలలు రెండేళ్ళకి విడిపోతాయి. అలెప్పీలో తయారైన వాగీశ్వరి కెమెరాలు పాత స్టూడియోల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ఒకటి దొరికితే ఆ మూలలు ఎలా కలిపారో దగ్గర్నుంచి చూడు.

కృష్ణలంక కుర్రోడు:
పాత ద్వారబంధమే అండి. మూలలు గట్టిగానే ఉన్నాయి. సమస్య ఫోకస్‌ది.

కొలతబద్ద:
4.8 ఎవరు చెప్పారు? 4×5 హోల్డర్ (ఫిల్ము పెట్టి కెమెరాకి తగిలించే పెట్టె) లోతు 0.197 అంగుళం, అంటే 5.0 మి.మీ. అమెరికన్ ప్రమాణంలో ఉన్నది అదే. నువ్వు 0.2 తక్కువ పెట్టావు.

నల్లగుడ్డ:
5.0 అనేది ఫిల్ము వెనకున్న పలక దాకా. ఫిల్ము మందం 0.007 అంగుళం తీసెయ్. 0.190, అంటే 4.8. గాజు ఉండాల్సింది ఫిల్ము ముఖం దగ్గర.

కొలతబద్ద:
"హోల్డర్ లోతు" అంటే ప్రమాణంలో పలక దాకానే లెక్క. పేరు ఒకటి పెట్టి కొలత ఇంకోటి చెప్తే కొత్తగా చేసేవాళ్ళు గందరగోళపడతారు. ఏ లోతో స్పష్టంగా రాయండి.

నల్లగుడ్డ:
అతను రాసింది గాజు లోతు. అది సరే.

ఎక్స్‌రే ప్రియుడు:
అన్నా, వాడుతున్నది ఎక్స్‌రే ఫిల్మా? అయితే దానికి రెండు వైపులా ఎమల్షన్ (బొమ్మ పడే పూత) ఉంటుంది. ట్రేలో కిందివైపు గీతలు పడతాయి, ట్రే అడుగున గాజు పలక వేసి కడుగు. గ్రీన్ సెన్సిటివ్ రకం అయితే ఎర్రలైటు కింద హాయిగా కోసుకోవచ్చు. ఖర్చు తక్కువ కాబట్టి మాలాంటి వాళ్ళం పెద్ద సైజులో తీయగలుగుతున్నాం. వెనక ఎమల్షన్ వల్ల కాస్త మెత్తగా రావడం మామూలే.

కృష్ణలంక కుర్రోడు:
అవును, ఎక్స్‌రేనే. కానీ చెవులు అంత షార్ప్‌గా వచ్చినప్పుడు తప్పు ఫిల్ముదెలా అవుతుంది?

కొలతబద్ద:
అది నిజమే. రెండు ఎమల్షన్ల వల్ల అయితే బొమ్మంతా ఒకేలా మెత్తబడాలి. నీకు ఫోకస్ జరిగి వెనక్కి పోతోంది. అంటే ఫిల్ము గాజు కన్నా లెన్స్‌కి దగ్గరగా కూర్చుంటోంది. ఇందాకటి 0.2 వదిలెయ్, దానితో ఇంత తేడా రాదు. 0.1 మి.మీ. మసకని కన్ను ఓర్చుకుంటుందనుకుంటే, ఎఫ్ 5.6లో అటూ ఇటూ అర మిల్లీమీటరు పైనే వెసులుబాటు ఉంటుంది. ఎఫ్ 22లో 2 మి.మీ. దాటి ఉంటుంది. కొండ 22లో బాగుండి 5.6లో పోతోందంటే, తప్పు అర మిల్లీమీటరు కన్నా ఎక్కువ, 2 కన్నా తక్కువ. ఇంత తేడా వడ్రంగి పనిలో రాదు, హోల్డర్‌లోనే ఉండాలి. అది ఏ రకం?

కృష్ణలంక కుర్రోడు:
మామూలు హోల్డరే అండి. పెదనాన్న స్టూడియోది, చెక్కది, ప్లేట్లు పెట్టే రకం. హాఫ్ ప్లేట్ సైజు. లోపల రేకు తొడుగు పెట్టి 4×5 ముక్క పట్టిస్తున్నాను. ఆ హోల్డర్‌ని బట్టే కెమెరా వెనక భాగం కట్టాను.

నల్లగుడ్డ:
ఇది మొదటే చెప్పాల్సింది.

పాత స్టూడియో:
తమ్ముడూ, దొరికింది. 4.8 లెక్క ప్రమాణం ప్రకారం చేసిన 4×5 ఫిల్ము హోల్డర్లకే. 5×7కి వేరే, 8×10కి వేరే. పాత ప్లేట్ హోల్డర్లకి దీనితో సంబంధమే లేదు, ఒక్కో తయారీదారుడిది ఒక్కో కొలత. ఆ కెమెరాలకి హోల్డర్లు జతగా వచ్చేవి, ఒకదానివి ఇంకోదానికి పెడితే ఇదే గొడవ. ఫిల్ము హోల్డర్‌లో ఫిల్ము వెనక పలకని ఆనుకుంటుంది. నీలాంటి చాలా ప్లేట్ హోల్డర్లలో వెనక స్ప్రింగు ప్లేటుని ముందు అంచుకి నొక్కుతుంది. గాజు మందం ఎంతున్నా ఎమల్షన్ ఒకేచోట నిలవాలని ఆ ఏర్పాటు. నీ రేకు తొడుగు కూడా ఆ ముందు అంచునే పట్టుకుని ఉంటుంది.

పనికిరాని ఫిల్ము ముక్క ఒకటి తొడుగులో పెట్టి, స్లైడు (హోల్డర్ ముందు మూత) పైకి లాగి, హోల్డర్ ముఖం మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టు. స్కేలు మీంచి వెర్నియర్ లోతు పుల్ల ఫిల్ముని తాకేదాకా దించి, స్కేలు మందం తీసెయ్యి. నాలుగు మూలలు, నడిమధ్య కొలువు. పుల్లతో నొక్కకు, ఫిల్ము లోపలికి పోతుంది.

చిత్రిక:
ఆ హోల్డర్ ఏ చెక్క? ఒంకర పోయి ఉంటే నాలుగు మూలలూ ఒకలా రావు.

కృష్ణలంక కుర్రోడు:
కొలిచాను. మూలల్లో 3.1, మధ్యలో 3.2. 4.8 కాదు!

కొలతబద్ద:
తేడా 1.7. 150 లెన్స్‌తో అయిదడుగుల దగ్గర ఫోకస్ చేస్తే, షార్ప్ ఆరంగుళాలు వెనక్కి జరుగుతుంది. చెవులు, కుర్చీ పట్టీ. సరిపోయింది.

పాత స్టూడియో:
గాజు కింద రేకులు పెడితే ఇంకా వెనక్కి పోతుంది, ఆ పని చెయ్యకు. గాజు ముందుకి రావాలి, అంటే గాజు బిగించిన ఫ్రేము ముఖమే 1.7 తగ్గాలి. ముందు చిత్రికతో పల్చగా తీసి, చివర్లో మందపాటి గాజు మీద శాండ్ పేపర్ పరిచి దాని మీద ఫ్రేముని రుద్దు. మధ్యమధ్యలో కొలుస్తూ ఉండు. 3.2 దగ్గరికి రాగానే ఆపి, ఎఫ్ 5.6లో టేపు ఒకటి ఏటవాలుగా పెట్టి తీసి చూడు. ఎక్కువ పోతే అప్పుడు కాగితం పట్టీ వేసుకోవచ్చు. ఇంకో హోల్డర్ ఉంటే అదీ కొలువు, రెండూ ఒకటే కొలత అనుకోకు.

ఎక్స్‌రే ప్రియుడు:
ఆ రేకు తొడుగు ఎలా చేశావు తమ్ముడూ? ఫొటో పెట్టు. నా దగ్గరా హాఫ్ ప్లేట్ హోల్డర్లు ఊరికే పడి ఉన్నాయి.

కృష్ణలంక కుర్రోడు:
ఫ్రేము విప్పాను. అందరికీ థాంక్స్ అండి.

చిత్రిక:
చిత్రిక పట్టేటప్పుడు మూలల దగ్గర జాగ్రత్త, అడ్డపీచు లేచిపోతుంది. బయటి నుంచి లోపలికి తియ్యి. తీశాక ఆ ముఖానికి మళ్ళీ పాలిష్ వెయ్యాలి, లేకపోతే తేమ పీల్చి కొలత మారుతుంది.

ఎక్స్‌రే ప్రియుడు:
తొడుగు ఫొటో?