నాన్న ఆ మ్యాచ్ టీవీలో చూశారట, ఎవరైనా తేల్చండి

మారతహళ్లి మాధవి:
మాది తెనాలి. 20 ఏళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. నాన్నకి 77. 1972లో అమెరికాలో, పిట్స్‌బర్గ్‌లో ఎం.ఎస్. చదివారు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ అదే కథ: ఆ ఏడాది డిసెంబర్ 23న ఆ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ స్టీలర్స్‌కీ, రైడర్స్‌కీ మ్యాచ్. నేలకి తగలబోయే బంతిని స్టీలర్స్ ఆటగాడు ఫ్రాంకో హ్యారిస్ పాదాల దగ్గర అందుకుని పరిగెత్తడం, అదంతా ఈయన రూమ్‌లో టీవీలో లైవ్ చూడడం. చెప్పేటప్పుడు పేపర్ ఉండచుట్టి చంకలో పెట్టుకుని హాల్లోంచి వంటింటి గడప దాకా నడుస్తారు. మోకాలి ఆపరేషన్ అయ్యాక కూడా మానలేదు. ఆ ఆట ఫైనల్, సూపర్ బౌల్ వస్తే సోమవారం పొద్దున్న 5 గంటలకల్లా టీవీ ముందుంటారు, నందిని పాల ప్యాకెట్లు ఇంకా గుమ్మంలోకి రాకముందే.

నిన్న భోజనాల దగ్గర మా అబ్బాయి "తాతయ్యా, ఆ మ్యాచ్ పిట్స్‌బర్గ్ టీవీల్లో రాలేదట" అన్నాడు. నాన్న పెరుగన్నం వదిలేసి లేచిపోయారు. ఇంట్లో టెన్షన్‌గా ఉంది. నిజమేంటో చెప్పండి.

జయనగర్ బాబాయ్:
మీవాడు చెప్పిందే నిజమమ్మా. అప్పట్లో సొంత ఊళ్లో ఆడే మ్యాచ్‌ని ఆ ఊరి టీవీల్లో వేసేవాళ్లు కాదు, టికెట్లన్నీ అమ్ముడైపోయినా సరే. అలా అమ్ముడైన మ్యాచ్‌లు చూపించాలని చట్టం వచ్చింది 1973లో. ఆ శనివారం ఊళ్లో వాళ్లకి రేడియోనే గతి. పిచ్చి ముదిరినవాళ్లు కార్లేసుకుని సిగ్నల్ వేరే ఉన్న ఊళ్లకి వెళ్లి, మోటెళ్లలో గదులు తీసుకుని చూశారు. నాన్నగారికి అప్పుడు కారుందా?

హెబ్బాళ్ హరి:
ఆయన్ని ఏమీ అనకండి మాధవిగారూ. స్టీలర్స్ ఓనర్ ఆర్ట్ రూనీయే చూడలేదు! 1933లో టీమ్ పెట్టిన మనిషి, అప్పటిదాకా ఒక్క ప్లేఆఫ్ (నాకౌట్) గెలుపూ లేదు. ఆ రోజు 22 సెకన్లుండగా రైడర్స్ 7-6తో ముందున్నారు. ఇక అయిపోయిందనుకుని, కుర్రాళ్లని ఓదారుద్దామని ఆయన లిఫ్ట్ ఎక్కాడు. కిందికి చేరేలోపు అంతా జరిగిపోయింది. స్టీలర్స్ 13-7తో గెలిచారు. స్టేడియంలో కూర్చున్నవాళ్లు మాత్రం ఏం చూశారు? స్టీలర్స్ బ్రాడ్‌షా విసిరిన బంతి తన టీమ్‌లోని ఫుక్వాకి తగిలి వెనక్కొచ్చిందా, రైడర్స్ టేటమ్‌కి తగిలిందా అని నేటికీ కొట్టుకుంటారు. మధ్యలో ఎదుటివాడికి తగలకుండా ఒకే టీమ్‌లో ఇద్దరికి వరసగా తగిలితే అప్పటి రూల్ ప్రకారం ఆ క్యాచ్ చెల్లదు. ఆ రూల్ 1978లో తీసేశారు.

కేఆర్‌పురం కిట్టు:
మా నాన్న 83 వరల్డ్ కప్ ఫైనల్ ఇంట్లో టీవీలో చూశానంటారు. మా ఊళ్లోకి టీవీ వచ్చింది 86లో. మేం అడగం.

మారతహళ్లి మాధవి:
బాబాయ్‌గారూ, కారు కాదు కదా, చలికి సరైన కోటు కూడా లేదట. రాత్రి కాఫీ ఇచ్చి మెల్లగా అడిగాను. కాసేపు కిటికీలోంచి రింగ్ రోడ్డు వైపు చూసి, "రూమ్మేట్ ట్రాన్సిస్టర్‌లో విన్నానేమో. రాత్రి వార్తల్లో బొమ్మ చూశాం. రెండూ ఎప్పుడు కలిసిపోయాయో" అన్నారు. నాకే బాధేసింది, అడక్కుండా ఉండాల్సింది.

ఇవాళ పక్కింటి కన్నడ అంకుల్ వచ్చారు. నాన్న లేచారు. ముందు కాఫీ గ్లాసు చెవి దగ్గర పెట్టుకుని వాల్యూమ్ తిప్పుతున్నట్టు చెయ్యి ఆడించారు, ఆ తర్వాతే పేపర్ ఉండచుట్టారు.