పప్పు ఉడకని బోరు నీళ్లు: నిజాంపేట ఫ్లాటులో ఏం చేయాలి?

ప్రశ్న: నిజాంపేట అద్దెదారు

నమస్కారం. మేము రాజమహేంద్రవరం నుంచి నిజాంపేటకు వచ్చి ఎనిమిది నెలలయింది. గోదావరి నీళ్లకు అలవాటు పడినవాళ్లం కావడం వల్ల కావచ్చు, ఇక్కడి నీటితో మొదటి వారం నుంచే తంటాలు పడుతున్నాము. కుళాయిల చుట్టూ సున్నం పూసినట్టు తెల్లని పొర కడుతోంది, షవరు రంధ్రాలు సగం మూసుకుపోయాయి, ఇడ్లీ పాత్ర అడుగున గీకినా రాని పెచ్చు పేరుకుంటోంది. గీజరు నీళ్లు సరిగా కాగడం లేదని మెకానిక్కును పిలిస్తే, ఆయన కాయిల్ విప్పి దాని చుట్టూ పేరుకున్న సుద్దను చూపించాడు. వీటన్నిటికంటే మా అమ్మకు కందిపప్పు పెద్ద బెంగ అయింది: ఊళ్లో మూడు విజిల్స్‌కు మెత్తబడే పప్పు ఇక్కడ ఏడు వచ్చినా పలుకుగానే ఉంటోంది.

మా అపార్ట్‌మెంటులో జలమండలి (నగర నీటి సరఫరా సంస్థ) నీళ్లు, బోరు నీళ్లు, వేసవిలో కొనే ట్యాంకరు నీళ్లు అన్నీ ఒకే సంపులో పడతాయి. ఒక దుకాణదారు గ్లాసులో మీటరు ముంచి 640 అని చూపించి, వంటగదికి ఆర్వో వడపోత యంత్రం, ఇల్లంతటికీ నీటిని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ రెండూ తప్పవన్నాడు. మరొకరు పైపుకు అయస్కాంతం బిగిస్తే చాలన్నారు. అద్దె ఇంట్లో ఉంటూ ఇంత ఖర్చు పెట్టడం సబబేనా? తల వెంట్రుకలు రాలడం కూడా ఈ నీళ్ల వల్లేనా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు, మలక్‌పేట

ముందుగా ఆ మీటరు సంగతి చూద్దాము. అది చూపేది నీటిలో కరిగిన లవణాలన్నిటి మొత్తాన్ని, అంటే టీడీఎస్‌ను. అది కూడా నీటి విద్యుద్వాహకత నుంచి వేసిన అంచనా మాత్రమే. మీ కష్టాలకు మూలమైన కాఠిన్యం అందులో ఒక భాగం; అది కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల వస్తుంది. వంటగదిలోని ఉప్పు వేసిన నీటికి కూడా మీటరు పెద్ద అంకెనే చూపిస్తుంది, కానీ ఆ నీటితో గీజరులో సుద్ద పేరుకోదు. కాబట్టి 640 అన్న అంకెను చూసి సాఫ్ట్‌నర్ కొనడం, బరువు చూసి జ్వరం మందు వేసుకోవడం వంటిది. చేపల తొట్ల దుకాణాల్లో దొరికే కాఠిన్య పరీక్ష చుక్కల మందు తీసుకోండి. రంగు మారడానికి ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కిస్తే అంకె తెలుస్తుంది. భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు కాఠిన్యం ఆమోదయోగ్యం. వేరే నీటి ఆధారం లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు.

మన బోర్లలో ఈ లవణాలు ఎక్కువగా ఉండటానికి కారణం నేల. హైదరాబాద్ గ్రానైటు రాతి మీద కూర్చున్న ఊరు. ఆ రాతిలోని ఖనిజాలు క్రమంగా శిథిలమై కాల్షియాన్ని వదులుతాయి. వాన నీరు నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని దిగుతూ దాన్ని బైకార్బనేటుగా కరిగించుకుంటుంది, రాతి పగుళ్లలో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఎక్కువగా కరిగించుకుంటుంది. నీటిని వేడి చేసినప్పుడు ఇదే ప్రక్రియ వెనక్కు నడుస్తుంది: వాయువు తప్పించుకుపోతుంది, కాల్షియం కార్బనేటు గట్టిపడి కాయిల్‌కు, ఇడ్లీ పాత్రకు అంటుకుంటుంది. కాచితే పోయే ఈ భాగాన్ని తాత్కాలిక కాఠిన్యం అంటారు. సల్ఫేట్లు, క్లోరైడ్ల రూపంలో ఉన్నది కాచినా పోదు. గీజరు వేడిని తగ్గించి పెడితే సుద్ద పేరుకోవడం నెమ్మదిస్తుంది.

ఇక పప్పు. నీళ్లు మంచివా కావా అని చెప్పడానికి మన పెద్దలు ‘ఈ నీళ్లలో పప్పు ఉడుకుతుంది’ అనే కొలతను వాడేవారు. మీటర్లు లేని కాలానికి అది చక్కని పరీక్షే. పప్పు గింజల కణాల గోడలను పట్టి ఉంచే పెక్టిన్‌కు కాల్షియం తోడైతే ఆ గోడలు మెత్తబడటానికి బదులు బిగుసుకుంటాయి. అయితే ఏడాదిగా నిలవున్న పప్పు కూడా ఉడకదు కాబట్టి, అదే పప్పును ఒకసారి జలమండలి నీళ్లతో, ఒకసారి సంపు నీళ్లతో వండి చూస్తే తప్పు దేనిదో తేలుతుంది. చిటికెడు వంటసోడా వేస్తే మెత్తబడుతుంది, కానీ దానివల్ల బీ1 విటమిన్ నష్టపోతుంది. అంతకంటే నీటిని మరగకాచి, తేరనిచ్చి, పైనీటితో వండటం మేలు.

అయస్కాంతం వల్ల నీటిలోంచి కాల్షియం బయటకు పోదు. అది బిగించక ముందు, తరువాత చుక్కల పరీక్ష చేస్తే ఒకే అంకె వస్తుంది. జుట్టు విషయంలో, ఈ నీటిలో సబ్బు నురగకుండా కరగని మడ్డిగా మారి వెంట్రుకలకు అంటి వాటిని బిరుసుగా చేస్తుంది. కుదుళ్ల నుంచి రాలుతుంటే మాత్రం నీళ్ల మీద నెపం పెట్టి ఊరుకోకుండా చర్మ వైద్యునికి చూపించండి.

జవాబు: సైనిక్‌పురి గృహిణి

పదిహేనేళ్లుగా బోరు నీళ్లతోనే సంసారం చేస్తున్నాను కాబట్టి నాలుగు మాటలు చెబుతాను. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పును రెండు చెంచాలు వేసి, ఇడ్లీ పాత్రలో నీళ్లు కాచి గంటసేపు వదిలేస్తే పెచ్చు దానంతటదే విడిపోతుంది. షవరు తలను విప్పి అదే నీటిలో రాత్రంతా నానబెట్టండి. కుళాయిలకు బాత్రూము యాసిడ్ మాత్రం తగలనీయకండి, పైనున్న మెరుపు పూత లేచిపోతుంది. పాలరాతి గట్టు మీద నిమ్మ ఉప్పు కూడా వద్దు. ఆ రాయి, మీరు తుడవాలనుకునే సుద్ద ఒకే పదార్థం కావడంతో రెండూ కలిసే కరుగుతాయి. ఇది నేను మా పూజ గదిలో చేతులు కాల్చుకున్నాక తెలుసుకున్నాను. స్నానం కాగానే కుళాయిలను పొడిగుడ్డతో తుడిస్తే సగం పని తగ్గుతుంది, కానీ ఆ పని ఇంట్లో నేను తప్ప ఇంకెవరూ చేయరు.

జవాబు: అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి, మియాపూర్

మీ అసలు సమస్య సంపులో ఉంది. నాగార్జునసాగర్ నుంచి వచ్చే కృష్ణా నీళ్లనూ, ఎల్లంపల్లి నుంచి వచ్చే గోదావరి నీళ్లనూ మనవాళ్లు ఇప్పటికీ మంజీరా నీళ్లనే పిలుస్తారు. పేరు ఏదైనా అవి నది నీళ్లు, బోరు నీటికంటే ఎంతో మెత్తనివి. వాటిని బోరు నీటిలో కలపడమంటే పాలను మజ్జిగలో పోసి మళ్లీ పాలు కావాలనడమే. మా దగ్గర మూడేళ్ల క్రితం సంపు మధ్యలో గోడ కట్టించి, పైకప్పు మీద చిన్న ట్యాంకు ఒకటి వేరుగా పెట్టి, వంటగది కుళాయిలకు మాత్రం జలమండలి నీళ్లు వచ్చేలా పైపు వేయించాము. ఆ తరువాత చాలామంది ఇళ్లలో ఆర్వోలు తీసేశారు. లీటరుకు 500 మిల్లీగ్రాముల కంటే తక్కువ టీడీఎస్ ఉన్న నీటికి ఆర్వో వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది.

స్నానాలకు, వాషింగ్ మెషీన్లకు వాడే బోరు నీటికి భవనమంతటికీ కలిపి ఒక సాఫ్ట్‌నర్ పెట్టుకోవచ్చు. అందులోని రెసిన్ కాల్షియాన్ని పట్టుకొని సోడియాన్ని వదులుతుంది. నిండినప్పుడల్లా ఉప్పు నీటితో కడగాలి. ఆ ఖర్చు సంఘం భరించాలి తప్ప అద్దెకున్నవారి నెత్తిన వేయడం న్యాయం కాదు.

ప్రశ్న అడిగినవారు, పది రోజుల తరువాత

అందరికీ ధన్యవాదాలు. చుక్కల పరీక్ష చేశాను. సంపు నీటికి 460, జలమండలి పైపు దగ్గర పట్టిన నీటికి 140 వచ్చింది. ఒకే సంచిలోని పప్పును రెండు నీళ్లతోనూ వండి చూసిన అమ్మ, నీళ్లదే తప్పని తీర్పు చెప్పి, అప్పటి నుంచి జలమండలి నీళ్లు వచ్చే వేళకు రెండు బిందెలు పట్టించుకుంటోంది. ఆర్వో కొనే ఆలోచన మానుకున్నాను. వచ్చే ఆదివారం సంఘం సమావేశంలో సంపు గోడ, సాఫ్ట్‌నర్ రెండూ చర్చకు పెడుతున్నారు. అమ్మకు రక్తపోటు ఉంది. సాఫ్ట్‌నర్ నీళ్లు తాగవచ్చా?

జవాబు: విశ్రాంత రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు, మలక్‌పేట

మీ 460 కాఠిన్యాన్నంతా సాఫ్ట్‌నర్ తీసేస్తే, దాని స్థానంలో లీటరుకు సుమారు 210 మిల్లీగ్రాముల సోడియం వచ్చి చేరుతుంది. కాబట్టి అమ్మగారికి తాగడానికి, వండటానికి ఆ నీళ్లు వద్దు. బిందెల్లో పట్టిన నీళ్లే వాడండి. సాఫ్ట్‌నర్ తరువాత కూడా దుకాణదారు మీటరు దాదాపు పాత అంకెనే చూపుతుంది. యంత్రం పనిచేయడం లేదని ఎవరైనా గొడవ చేస్తే ఈ మాట చెప్పండి. సమావేశంలో మరొకటి తప్పక అడగండి: రెసిన్ కడిగిన ఉప్పు నీళ్లు ఎక్కడికి వదులుతారు? అవి డ్రైనేజీలోకే పోవాలి. పక్కనే ఉంది కదా అని ఇంకుడు గుంతలోకి తిప్పితే ఆ ఉప్పంతా తిరిగి మీ బోరులోకే దిగుతుంది.