చెప్పిన కథ నిజమైపోయే నవల: ముగింపు తేలిపోతోంది, ఎక్కడ బిగించాలి?

కాగితప్పడవ:
9–12 ఏళ్ల పిల్లల కోసం ఒక ఫాంటసీ నవల రాస్తున్నాను. చిత్తుప్రతి అయింది: 24 అధ్యాయాలు, 42,000 పదాలు. కథానాయికకు 11 ఏళ్లు, ఆమె ఏ కథ చెబితే అది జరిగిపోతుంది. ఊళ్లో ఎవరూ కథ చెప్పకూడదని శాసించిన మౌనదొర ప్రతినాయకుడు. చివర్లో ఆ పిల్ల ఒక కథ చెబుతుంది, దొర ఓడిపోతాడు. చదివితే చప్పగా ఉంది. పైగా మధ్యలో ఆరు ఉపకథలున్నాయి, ఒక్కోటి 1,800 పదాలు. చిత్తుప్రతి చదివిన పిల్లలు వాటిని దాటేసి పేజీలు తిప్పేస్తున్నారు. ఉపకథలు తీసేస్తే నవలే ఉండదు. ఏం చేయాలి?

ముడిప్రతి:
ముందు ముగింపు సంగతి. ఏది చెబితే అది జరిగేటప్పుడు "దొర పోయాడు" అని మొదటి అధ్యాయంలోనే ఎందుకు చెప్పలేదని పిల్లలు అడుగుతారు. అడగాలి కూడా. మీ మాయకు హద్దు లేదు, ఖర్చూ లేదు.

పాత సంస్కృత కథల సంపుటి కథాసరిత్సాగరంలో గుణాఢ్యుడనే కవి ఘట్టం ఒకసారి చూడండి. ఆయన రాసిన ఏడు లక్షల శ్లోకాల కథను రాజు కాదంటాడు. గుణాఢ్యుడు అడవిలో నిప్పు రాజేసి ఒక్కో ఆకూ చదివి మంటలో వేస్తుంటాడు. జంతువులు మేత మానేసి వింటాయి. మేత లేక వాటి మాంసం ఎండిపోతుంది, అది తిన్న రాజుకు జబ్బు చేస్తుంది, కారణం వెతుక్కుంటూ రాజే అడవికి వస్తాడు. అప్పటికి ఆరు లక్షల శ్లోకాలు బూడిద. కథకు శక్తి ఉందని ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. గడ్డి, మాంసం, జబ్బు: మూడూ మామూలు విషయాలే, గొలుసులా ఒకదాన్నొకటి లాగాయి. ఖర్చు కళ్ల ముందే కాలిపోయింది.

మీ నవలకు రెండు నియమాలు చాలు. ఒకటి, వినేవాళ్లు ఊ కొడుతున్నంతసేపే కథ నిజం. ఊ ఆగిందా, కట్టిన వంతెన సగంలో నిలిచిపోతుంది. రెండు, కథలో వాడిన వస్తువు ఊళ్లో ఎక్కడో ఒకటి తగ్గాలి. కథలో పడవ తేలితే రేవులో ఒక పడవ మాయం. ఆ పడవ ఎవరిదో వాళ్లకు పేరుండాలి, ఆ పిల్ల మీద కోపం ఉండాలి. ఖర్చుగా జ్ఞాపకాలు పోవడం మాత్రం వద్దు. 1979లో వచ్చిన జర్మన్ రచయిత మిహాయెల్ ఎండె నవల "ది నెవరెండింగ్ స్టోరీ"లో కోరిక కోరిన ప్రతిసారీ పిల్లవాడికి ఒక జ్ఞాపకం చెరిగిపోతుంది. ఆ దారి అందరికీ తెలిసిపోయింది.

నియమాలు రెండూ మూడో అధ్యాయం దాటకుండా సంఘటనగా కనబడాలి. పదిహేనో అధ్యాయంలో గుర్తొచ్చిన నియమాన్ని పిల్లలు మోసం అంటారు.

నిద్రగన్నేరు:
ఉపకథల లెక్క: ఆరు 1,800లు అంటే 10,800 పదాలు, నవలలో పావు వంతు. ఒక్కదాన్ని 1,200 దగ్గర ఉంచి మిగతావి 400–600కి దించండి. కానీ అసలు జబ్బు నిడివి కాదు. ఎవరూ అడగకుండా వచ్చిన ఉపకథను ఎవరూ చదవరు.

కాశీమజిలీ కథల కిటుకు అదే. కాశీకి నడిచి వెళ్లే మణిసిద్ధుడు తనంతట తాను కథ ఎత్తుకోడు. వెంట వచ్చే గొల్లపిల్లవాడు దారిలో ఏదో వింత చూస్తాడు, అదేమిటని పట్టుబడతాడు, అప్పుడు కథ. మీ ప్రతి ఉపకథకు ముందు రెండు పేజీల్లోపు ఒక వింత వస్తువునో, మూసి ఉన్న తలుపునో చూపించండి. కథ పూర్తయ్యాక బయట ఏదో ఒకటి మారాలి. మారకపోతే ఆ కథ తీసేయొచ్చు.

ఇంకోటి: బయటి కథ, లోపలి కథ ఒకే గొంతుతో ఉంటే పిల్లలు తప్పిపోతారు. వాలు అక్షరాలు పెట్టకండి, తెలుగులో అవి కంటికి శ్రమ. మనకు "ట" ఉంది కదా:

బయట: "మల్లి గట్టు మీద కూర్చుంది. నీళ్లు అప్పుడే తగ్గాయి."
లోపల: "అనగనగా ఒక గట్టు ఉండేదట. దానికి నీళ్లంటే భయమట."

ఒక్క అక్షరంతో ప్రపంచం మారింది. అయితే ప్రతి వాక్యానికీ తగిలిస్తే వెగటు. కథ ఎత్తుకునేటప్పుడు రెండు మూడు వాక్యాలు, మధ్యలో ఎవరైనా అడ్డం వచ్చి మళ్లీ అందుకునేటప్పుడు ఒకటి, చివర ఒకటి. మిగతాదంతా మామూలు భూతకాలమే.

లోతు రెండు అంతస్తులు దాటనివ్వకండి. కథలో కథలో కథ పెద్దలకు సరదా, పదేళ్లవాళ్లకు ఎవరు ఎవరితో చెబుతున్నారో తెలియని గందరగోళం.

చుక్కలపంచె:
పై లెక్కలతో పెద్దగా పేచీ లేదు, 1,200 పదాల కథ కూడా మధ్యలో తెగాల్సిందే అంటాను. ఉత్కంఠ దగ్గర ఆపి, రెండు అధ్యాయాల తర్వాత అందుకోండి.

ఫైల్లో "కథల శక్తి", "కథలే మనల్ని" లాంటి మాటలు వెతికి చూడండి. ముసలమ్మ పాత్ర ఉంటే ఆమె నోటి నుంచే ఎక్కువ వస్తాయి. అన్నీ కొట్టేయండి. మౌనదొరకు మాత్రం గట్టి వాదన ఇవ్వండి: కథ వల్ల రేవులో పడవలు పోతున్నాయి, నిషేధించక ఏం చేయాలి? ఆ మాటలో న్యాయం ఉంటేనే వాడు అట్టబొమ్మ కాకుండా ఉంటాడు.

పరీక్షకు ముగ్గురు నలుగురు పిల్లలకు గట్టిగా చదివి వినిపించండి, వాళ్లు కదిలిన చోటల్లా పెన్సిల్ గీత పెట్టండి. "బాగుందా?" అని అడగొద్దు, మొహమాటానికి అవునంటారు. ఆపి, "తర్వాత ఏమవుతుంది?" అనండి. ముగ్గురూ ఒకటే చెబితే మలుపు ముందే తెలిసిపోయింది. ఎవరూ ఏమీ చెప్పలేకపోతే సూచనలు చాలలేదు.

కాగితప్పడవ:
ఊ నియమం బాగా పట్టింది. ఒక చిక్కు: ముగింపులో ఆమె దొర ఎదుట ఒంటరిగా ఉంటుంది. ఊ కొట్టేవాళ్లు లేరు.

ముడిప్రతి:
ఉన్నాడు కదండీ, దొర! బేతాళుడు కథ చెబితే నోరు విప్పకూడని విక్రమార్కుడు నోరు విప్పేస్తాడు, శవం మళ్లీ చెట్టెక్కుతుంది. మీ దొరదీ అదే ఇరకాటం. ఆమె కథ మొదలుపెట్టి, సగంలో ఆపేయాలి. గదిలో చప్పుడు ఉండదు. అప్పుడు అతని గొంతులోంచి, అతనికే తెలియకుండా, "ఊ?"

అది నమ్మేలా ఉండాలంటే ఊ అసంకల్పితంగా వస్తుందని ముందే రెండుసార్లు చూపాలి. రెండో అధ్యాయంలో నిద్రలో ఊ కొట్టే చిన్న తమ్ముడు, తొమ్మిదో అధ్యాయంలో కథ వినకూడదని చెవులు మూసుకుని కూడా ఊ అనేసే కాపలావాడు. దొర ఒకప్పుడు కథలు విన్న మనిషేనని ఒక్క పంక్తిలో, పదో అధ్యాయానికి ముందు. ఆ తర్వాత అతన్ని చంపకండి. ఊ అన్నాడు కాబట్టి మిగతా కథ అతనికి కావాలి, అది ఆమె దగ్గరే ఉంది.