2020 లేకర్స్ టైటిల్ పదహారణాల కప్పేనా?

అలిపిరి మెట్లు: పొద్దున గ్రౌండ్‌లో ఆట అయ్యాక టీ కొట్టు దగ్గర మొదలైన గొడవ ఇది. ఇంటికొచ్చినా తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. 2020 మార్చి 11న రూడీ గోబేర్ అనే ఆటగాడికి కరోనా తేలడంతో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ సీజన్ ఆగిపోయింది. జులై 30న ఓర్లాండో దగ్గర డిస్నీ వరల్డ్‌లో 22 టీములతో మళ్లీ మొదలైంది. ప్రేక్షకులు లేరు, బయటికి పోవడానికి లేదు. దాన్నే బబుల్ అన్నారు. అక్టోబరు 11న ఫైనల్ సిరీస్‌లో మయామి హీట్ టీమ్‌పై 4-2తో లాస్ ఏంజిలస్ టీమ్ లేకర్స్ 17వ టైటిల్ గెలిచింది. మావాడొకడు అది సగం కప్పేనంటాడు. నేను ఒప్పుకోను. మీరేమంటారు?

చిత్తూరు బెల్లం: సగం అనను గానీ పన్నెండణాలే ఇస్తాను. లేకర్స్ స్టార్, 35 ఏళ్ల లెబ్రాన్‌కు సీజన్ మధ్యలో నాలుగున్నర నెలల విశ్రాంతి! ఏ ఏడాది దొరుకుతుందప్పా అది? పైగా విమాన ప్రయాణాలు లేవు. ఫైనల్ మొదటి మ్యాచ్‌లోనే హీట్‌లో డ్రాగిచ్‌కు, అడెబాయోకు దెబ్బలు. అడెబాయో తర్వాతి రెండు మ్యాచ్‌లు ఆడలేదు, డ్రాగిచ్ ఆరో మ్యాచ్‌కు గానీ తిరిగి రాలేదు.

కొర్లగుంట పాయింట్ గార్డ్: అన్నా, దెబ్బలు ఏ ఫైనల్లోనైనా తగులుతాయి, దానికి బబుల్ ఏం చేస్తుంది? విశ్రాంతి మాత్రం లెబ్రాన్ ఒక్కడికేనా దొరికింది? అదే విశ్రాంతి తీసుకున్న క్లిప్పర్స్ టీమ్ వాళ్లు సిరీస్‌లో 3-1తో ముందుండి కూడా డెన్వర్ టీమ్ చేతిలో ఓడారు. లీగ్ తూర్పు విభాగంలో మొదటి స్థానంలో ఉన్న బక్స్ టీమ్‌ను హీట్ 4-1తో ఇంటికి పంపింది. సీజన్ ఆగేనాటికే లేకర్స్ 49 గెలిచి 14 ఓడి, పశ్చిమ విభాగంలో అందరికంటే పైనుంది. అంత కష్టపడి సంపాదించుకున్న సొంత కోర్టు లాభం బబుల్‌లో గాలికి పోయింది. ఈ లెక్కన నష్టపోయింది లేకర్సే కదా!

ఎస్వీయూ పాత విద్యార్థి: బాబూ, నాకు బాస్కెట్‌బాల్ కొంచెమే తెలుసు, తిరుపతి బాగా తెలుసు. ఆ ఏడాది అధికమాసం, కొండమీద రెండు బ్రహ్మోత్సవాలు. రెండూ ఏకాంతంగానే జరిగాయి. మాడ వీధుల్లో గరుడ వాహనం తిరగలేదు. మేమంతా టీవీ ముందు కూర్చుని దండం పెట్టుకున్నాం. జనం లేరని ఆ ఏడాది ఉత్సవాలను లెక్కలోంచి తీసేశామా?

చిత్తూరు బెల్లం: స్వామివారిని మధ్యలోకి తెస్తే నేనేం మాట్లాడను సార్? ఒక్క మాట మాత్రం చెప్తా, ఉత్సవానికి ఎదురు టీమ్ ఉండదు. ఇక్కడ ఉంటుంది. ఫౌల్‌కు దొరికిన ఫ్రీ త్రో వేసేటప్పుడు బోర్డు వెనక నుంచి వేలమంది అరుస్తుంటే చెయ్యి వణుకుతుంది చూడండి, ఆ పరీక్ష రాయకుండానే పాసయ్యారు వాళ్లు.

కొర్లగుంట పాయింట్ గార్డ్: జనం లేకపోతే చెయ్యి వణకదా? ఫైనల్ ఐదో మ్యాచ్ చివరి క్షణాల్లో షాట్ వేస్తున్న లేకర్స్ ఆటగాడు డ్యానీ గ్రీన్‌ను అడ్డుకోవడానికి దగ్గర ఎవరూ లేరు. పడితే కప్పు. పడలేదు! హీట్ 111-108తో గెలిచింది. అరిచేవాళ్లు ఎవరున్నారక్కడ?

అలిపిరి మెట్లు: ఆ జనవరి 26న లేకర్స్ పాత స్టార్ కోబీ పోయిన సంగతి కూడా మరిచిపోవద్దు. డెన్వర్‌తో రెండో మ్యాచ్ ఆఖరి క్షణంలో లేకర్స్ ఆటగాడు ఆంథొనీ డేవిస్ మూడు పాయింట్ల షాట్ వేసి ‘కోబీ’ అని అరిచాడే, అది ఇక్కడ తెల్లవారి ఫోన్‌లో చూశా. పక్కగదిలో నాన్న లేస్తారని నోరు నొక్కుకున్నా. ఆ ఏడాది గేటుకు తాళం పడి మా గ్రౌండ్‌లో బాల్ చప్పుడే లేదు. ఇది వాదన కాదని తెలుసు, అయినా రాశాను.

చిత్తూరు బెల్లం: సరే, డ్యానీ గ్రీన్ మాట దగ్గర నేను దొరికిపోయా. పదిహేనణాలకు వచ్చాను. ప్రయాణాల అలసట లేదన్నదానికి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి ఆ మిగిలిన అణా ఇవ్వను. ఇంతకీ ఆదివారం బాల్ ఎవరు తెస్తున్నారు? పోయినసారిది గాలి నిలవట్లేదు.